గాలిని గాలికొదిలేయండి: సర్వీసింగ్ తర్వాత పాటించవలసిన పది సూత్రాలు

కారు సర్వీసింగ్‌కు వెళ్లి వచ్చింది. కడిగారు, తుడిచారు, లోపల సెంటు కొట్టారు, కాళ్లకింద కంపెనీ పేరున్న కాగితం పరిచారు. బిల్లు వేలల్లో అయింది. ఇంత పోసిన తర్వాత కూడా మోకాళ్ల మీద కూర్చుని టైర్లలో గాలి చూసుకునే ఖర్మ మనకేమిటి అనుకునేవారి కోసమే ఈ సూత్రాలు. వీటిని తు.చ. తప్పకుండా పాటించేవారికి టైర్ల కంపెనీలు, పెట్రోలు బంకులు, హైవే మీద బండ్లు ఎత్తుకెళ్లే క్రేన్ల వాళ్లు కలకాలం రుణపడి ఉంటారు.

1. టిక్కును మించిన సాక్ష్యం లేదు

బిల్లుకు ఒక చెక్‌లిస్టు కాగితం పిన్ను కొట్టి ఇస్తారు. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బ్యాటరీ, హారన్ అని వరుసగా ఉండి, ఎక్కడో అడుగున టైర్ ప్రెషర్ ఉంటుంది. దానికెదురుగా టిక్కు కూడా ఉంటుంది. ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూస్తే టిక్కులన్నీ ఒకే వాలులో, ఒకే ఊపులో, చెయ్యి ఆగకుండా దిగినట్టు కనిపిస్తాయి. కాబట్టి వెలుతురులో పెట్టి చూడకండి. టిక్కుల పక్కన ‘ముందు ఎంత, వెనక ఎంత’ అని అంకెలు వేయడానికి గడులు ఉండి, అవి ఖాళీగా ఉంటే, సిరా పొదుపు చేశారని సంతోషించండి.

‘ఎంత పెట్టారు బాబూ?’ అని మాత్రం అడగకండి. అడిగితే సర్వీస్ అడ్వైజర్ లోపలికి కేకేస్తాడు. లోపలి నుంచి ‘అన్నీ ఓకే సార్’ అని జవాబు వస్తుంది. ఏ గేజీ మీదా ఓకే అనే అంకె ఉండదని వాదనకు దిగితే మీరే చాదస్తుడిలా కనిపిస్తారు. వెనక ఇంకో నలుగురు తాళాల కోసం నిలబడి ఉన్నారు, చూసుకోండి.

2. కాలితో తన్ని చూడండి

మరీ అనుమానం పీడిస్తుంటే టైరును బూటుకాలితో ఒక్కటి తన్నండి. గట్టిగా తగిలితే గాలి ఉన్నట్టే. లారీ క్లీనర్లు రాడ్డుతో టైర్లను కొట్టి చూడటం లేదా అని ఉదాహరణ కూడా చెప్పుకోవచ్చు. వాళ్లు కొట్టేది వెనక జంట టైర్లలో లోపలిది పూర్తిగా దిగిపోయి బయటిదాని చాటున దాక్కుందేమో శబ్దాన్ని బట్టి పట్టుకోవడానికి. అంతేగాని గాలి ఒత్తిడి 33 పీఎస్‌ఐ ఉందా, 26 ఉందా అని తేల్చడానికి కాదు. ఆ సంగతి వాళ్లకు తెలుసు, మనకు తెలియనవసరం లేదు.

కంటిచూపు కూడా మంచి సాధనమే. ఇప్పటి కార్లకు వచ్చేవన్నీ రేడియల్ టైర్లు. గాలి సరిగ్గా ఉన్నా నేలకు ఆనే చోట వాటి పక్కగోడ కొద్దిగా ఉబ్బే ఉంటుంది. ఏడెనిమిది పీఎస్‌ఐ తగ్గినా చూపుకు దాదాపు అలాగే ఉంటుంది. తేడా కంటికి ఆనే వేళకు విషయం చాలా దూరం వెళ్లి ఉంటుంది. అంతవరకూ మనశ్శాంతి.

3. అంకె కావాలంటే టైరు మీదే చదవండి

టైరు పక్కగోడ మీద, సైజు, కంపెనీ పేరు, తయారైన వారం వగైరాల మధ్య, మ్యాక్స్ ప్రెషర్ అని 44 పీఎస్‌ఐ అనో 51 అనో అచ్చొత్తి ఉంటుంది. టైరు చేసినవాడే రాశాడు, ఇక తిరుగేముంది? బంకు కుర్రాడికి ఆ అంకె చెప్పి దర్జాగా కొట్టించండి.

అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి మాత్రమేనని కొందరు అడ్డొస్తారు. ఒకే టైరును నాలుగైదు రకాల కార్లకు వేస్తారు, ఏ కారు బరువెంతో, అందులో ముందుకెంత వెనక్కెంతో టైరు కంపెనీకి తెలియదు, ఆ లెక్క కట్టేది కారు కంపెనీ అని ఊదరగొడతారు. ఆ లెక్క ఎక్కడుందంటే, డ్రైవరు తలుపు తెరిస్తే ఎదురయ్యే స్తంభం మీద, సీటు బెల్టుకు కాస్త దిగువన, చిన్న స్టిక్కరు రూపంలో ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు. దాన్ని చదివే ప్రమాదం నుంచి ఆ తలుపు సందులో చేరిన దుమ్ము మిమ్మల్ని కాపాడుతుంది. పొరపాటున తుడిచారో, ఇద్దరు కూర్చున్నప్పుడు ఎంత, ఐదుగురు సామానుతో నిండినప్పుడు ఎంత, ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని బొమ్మలతో సహా కనబడుతుంది. మన దగ్గర తిరిగే చిన్న కార్లలో చాలావాటికి అది 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్యే. కొన్ని స్టిక్కర్ల మీద 230 కిలోపాస్కల్ అనో 2.3 బార్ అనో ఉంటుంది. అవన్నీ 33 పీఎస్‌ఐకి మారుపేర్లే.

తిరుపతి ప్రయాణానికి ఐదుగురూ ఎక్కి, డిక్కీలో పెట్టెలూ పులిహోర డబ్బాలూ సర్దేటప్పుడు ఆ నిండు బరువు గడి మీద ఒక టవలు ఆరేస్తే సరి. వెనక చక్రాలకు ఇంకొంచెం గాలి కావాలన్న గొడవే ఉండదు.

ఇక 44 కొట్టించినందువల్ల వచ్చే లాభాలు: టైరు నడుం ఉబ్బి మధ్య భాగమే నేలకు ఆనుతుంది, అక్కడే అరుగుతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ దెబ్బ నేరుగా వెన్నుకు చేరుతుంది. వానలో బ్రేకు నొక్కితే రోడ్డును పట్టుకోవడానికి టైరుకు చోటు తక్కువ. మొత్తానికి ప్రయాణం మరిచిపోలేరు.

4. వేడివేడిగా చూడండి

ఇది అన్నిటిలోకీ గొప్ప సూత్రం. శ్రద్ధగా చదవండి, ఎందుకంటే దీన్ని పాటించేవాడికి మంచి పని చేశానన్న తృప్తి కూడా దక్కుతుంది.

స్టిక్కరు మీద రాసిన అంకె చల్లటి టైరుకు చెప్పింది. చల్లటి టైరు అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నది, లేదా కిలోమీటరున్నర లోపే నడిచింది. అందుచేత అలా ఉన్నప్పుడు చూడనే చూడకండి. మే నెలలో, మిట్టమధ్యాహ్నం, వర్క్‌షాపు నుంచి పదిహేను కిలోమీటర్లు ట్రాఫిక్‌లో నడిపి, టైరు చెయ్యి కాలేలా ఉన్నప్పుడు బంకులో ఆపండి. మీ కారుకు ఉండవలసింది 33. గేజీ 38 చూపిస్తుంది. ‘చూశావా, వర్క్‌షాపు వాళ్లు ఎలా ఎక్కువ కొట్టేశారో!’ అని పళ్లు నూరి, వాల్వు పిన్ను మీద వేలిగోరు నొక్కండి. బుస్సుమని గాలి పోతుంది. సరిగ్గా 33కి వచ్చాక ఆపండి. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోండి.

తెల్లారేసరికి ఆ టైరులో 28కి మించి ఉండదు. రోడ్డు రాపిడికీ టైరు మడతలకీ లోపలి గాలి వేడెక్కి పెరిగిన ఐదు పీఎస్‌ఐని మీరు వర్క్‌షాపు తప్పు కింద లెక్కవేసి బయటికి పంపారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు మారితే కారు టైరులో ఒకటిన్నర పీఎస్‌ఐకి అటూ ఇటూగా తేడా వస్తుంది. మే ఎండకు రామగుండంలో 45 డిగ్రీల్లో సరిపెట్టిన గాలే డిసెంబరు తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 10 డిగ్రీల చలికి ఐదారు పీఎస్‌ఐ తక్కువగా కనిపిస్తుంది. ఎక్కడా చిల్లు పడనక్కర్లేదు.

ఈ సూత్రాన్ని చాలా వర్క్‌షాపులు మనకంటే ముందే పాటిస్తున్నాయి. సర్వీసింగ్ అయ్యాక కారును ఒక చుట్టు తిప్పి తెస్తారు, ఎండలో నిలబెడతారు, ఆ వేడి మీదే 33 చూసి తృప్తిపడి టిక్కు పెడతారు. మర్నాటికి అది మన ఇంటి ముందు 29 అవుతుంది. అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. గేజీ నిజమే చెప్పింది, కుర్రాడూ నిజమే రాశాడు, అంకె మాత్రం తప్పు.

వేడి టైరులో గాలి తీయకూడదనీ, వేడి మీద కూడా తక్కువ చూపిస్తే మాత్రం అది నిజంగానే తక్కువని నమ్మి వెంటనే నింపి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు సరిచేసుకోవాలనీ చెప్పేవారు ఉంటారు. వాళ్లకు ఎండలో నిలబడి పిన్ను నొక్కడంలో ఉన్న మజా తెలియదు.

5. నాలుగు చక్రాలకూ ఒకటే న్యాయం, లాగితే అలైన్‌మెంట్

సర్వీసింగ్‌లో టైర్లు రొటేషన్ చేశామంటారు. వెనకవి ముందుకు, ముందువి వెనక్కు. చాలా కార్లకు ముందు వెనక ఒకటే అంకె, కొన్నిటికి వేరు. వేరైన కార్లలో టైర్లు చోటు మారినప్పుడు అందులోని గాలి కూడా మారాలి. మార్చారా అని అడగకండి. టైరుకు ఆత్మాభిమానం ఉంటుంది, ఎక్కడికెళ్లినా తన గాలి తనకే.

వర్క్‌షాపు నుంచి వచ్చాక కారు ఎడమ పక్కకు లాగుతోందనుకోండి. ఎడమ ముందు టైరులో కుడిదాని కంటే నాలుగైదు పీఎస్‌ఐ తక్కువ ఉంటే అచ్చం అలాగే లాగుతుంది. ఆ పని రెండు నిమిషాల్లో తేలుతుంది, పైసా ఖర్చు లేదు. అందుకే అది చేయకండి. నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళ్లి డబ్బు కట్టండి. పని తెలిసినవాడైతే అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచేస్తాడు, సమస్య అక్కడే తీరిపోతుంది. పని తెలియనివాడి దగ్గరికి వెళితే తక్కువ గాలికి తగ్గట్టు చక్రాల కోణాలు సర్ది పంపిస్తాడు. ఆ తర్వాత ఎప్పుడు గాలి సరిగ్గా కొట్టించినా కారు కుడికి లాగుతుంది. మళ్లీ అలైన్‌మెంట్. ఇలా ఒక కుటుంబాన్ని పోషించిన పుణ్యం వస్తుంది.

6. నైట్రోజన్ కొట్టించి నిశ్చింతగా ఉండండి

ఆకుపచ్చ క్యాపులు పెట్టి, టైరుకు ఇంత అని తీసుకుని నైట్రోజన్ నింపుతామంటారు. విమానాల టైర్లలో వాడేది ఇదే అని కూడా అంటారు. నిజమే. మీరు పటాన్‌చెరు నుంచి గచ్చిబౌలికి వెళ్లేటప్పుడు ముప్పై వేల అడుగుల ఎత్తున గడ్డకట్టే చలిలో ఎగిరి, ఒక్క క్షణంలో రన్‌వే మీద వాలేటట్టయితే తప్పక కొట్టించండి.

మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉందని, ఉచితంగా వచ్చే ఆ 78 శాతాన్ని వదిలేసి మిగతా కాసిని శాతానికి డబ్బు కడుతున్నామని అనకండి. నైట్రోజన్ టైరు గోడల్లోంచి కొంచెం నెమ్మదిగా పోతుంది, తేమ ఉండదు. ఆ మాట ఒప్పుకోవాలి. కాని వేడికి వ్యాకోచించడంలో అది గాలికి తీసిపోదు. ఎండకు పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. చిల్లు పడితే అదీ పోతుంది. కాబట్టి దాన్ని కూడా చూసుకోవలసిందే అన్నది పిరికివాళ్ల వాదన. డబ్బు కట్టిందే చూడనక్కర్లేదని కదా! ఒకవేళ తగ్గినా, దారిలో నైట్రోజన్ దొరకదని అలాగే నడపండి. మామూలు గాలి కలిపితే టైరుకు ఏ హానీ లేదని తెలిసినా మడి కట్టుకున్నవాళ్లు ఆ పని చేయరు.

7. పసుపు దీపం వెలిగితే రీసెట్ నొక్కండి

కొత్త కార్లలో డాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్య ఆశ్చర్యార్థకంతో ఒక పసుపు దీపం వెలుగుతుంది. దాని వెనక కొంత చరిత్ర ఉంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు పరుగులో ఉండగానే తొడుగు ఊడి, బండ్లు పల్టీలు కొట్టాయి. 270 మందికి పైగా చనిపోయారని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ తేల్చింది. 2000లో 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. ఫోర్డ్ ఆ కారుకు చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ. టైరుదే తప్పని కారు కంపెనీ, కారుదీ ఆ తక్కువ గాలిదీ తప్పని టైరు కంపెనీ ఒకదాని మీద ఒకటి తోసుకున్నాయి. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ కొత్త కార్లన్నిటికీ ఈ దీపం తప్పనిసరి అయింది.

ఆ చట్టం ప్రకారం అది వెలగవలసింది స్టిక్కరు అంకె కంటే 25 శాతం తగ్గినప్పుడు. అంటే 33 ఉండవలసిన టైరులో 25కి దిగినా దీపం వెలగకపోవచ్చు. ఇది ఎంత గొప్ప సౌకర్యమో గమనించండి. దీపం లేదంటే అంతా బాగున్నట్టే అని 27తో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, 158 కిలోమీటర్ల చుట్టూ వందకు తగ్గకుండా తిరగవచ్చు. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ ఎక్కువ మడత పడుతుంది, మడతకు వేడి పుడుతుంది, వేడికి లోపలి పొరలు విడతాయి. దీపానికి ఈ సంగతులన్నీ చివర్లో తెలుస్తాయి.

సర్వీసింగ్ తర్వాత దీపం వెలిగితే రీసెట్ బటన్ గట్టిగా నొక్కిపట్టండి. కొన్ని కార్లలో టైరు లోపల సెన్సరు ఉండి గాలిని నేరుగా కొలుస్తుంది. మరికొన్నిటిలో సెన్సరు ఉండదు. ఏ చక్రం మిగతావాటి కంటే వేగంగా తిరుగుతోందో చూసి, అందులో గాలి తగ్గిందని ఊహిస్తుంది. ఈ రెండో రకంలో గాలి నింపకుండా రీసెట్ నొక్కడమంటే, 102 జ్వరంతో ఉన్నవాడు ఇదే నా మామూలు ఒంటివేడి అని థర్మామీటరుకు నచ్చజెప్పడం. తగ్గిన గాలినే అది ప్రమాణంగా రాసుకుంటుంది. దీపం ఆరుతుంది. ఇంట్లోవాళ్లు మీ సాంకేతిక పరిజ్ఞానాన్ని మెచ్చుకుంటారు.

8. స్టెప్నీని కదిలించకండి

కొత్త కారు కొన్నప్పుడు పెద్దమ్మ గుడికో దుర్గమ్మ గుడికో తీసుకెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. నిమ్మకాయలు నాలుగే. ఐదో చక్రానికి ఆనాటి నుంచే ఏ మర్యాదా లేదు. వర్క్‌షాపులోనూ అంతే. డిక్కీలో మన గొడుగులూ చెప్పులూ పాత వాటర్ బాటిళ్లూ తీసి పక్కన పెట్టి, కార్పెట్ ఎత్తి, బోల్టు విప్పి స్టెప్నీ గాలి చూసే ఓపిక ఎవరికుంటుంది? సర్వీసింగ్‌కు ఇచ్చేముందు డిక్కీ ఖాళీ చేయకపోతే ఆ అవకాశం కూడా మూసుకుపోతుంది.

స్టెప్నీ సన్నగా, మిగతావాటికి పొంతన లేకుండా ఉంటే మరీ మంచిది. అలాంటి తాత్కాలిక చక్రానికి సాధారణంగా 60 పీఎస్‌ఐ కావాలి, గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. ఆ మాట దాని మీదే రాసి ఉంటుంది. దానికి కూడా 33 కొట్టించి మూసేయండి. 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధన సవరించి, గాలి తగ్గితే హెచ్చరించే వ్యవస్థ, టైరు రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకున్నా ఫర్వాలేదంది. మీ కారు అలాంటిదైతే కిట్టులోని ద్రావణం గడువు తేదీ చూడకండి. చూస్తే బెంగ.

9. వాల్వు క్యాపు ఉత్త అలంకారం

గాలి చూసేటప్పుడు విప్పిన క్యాపులు కుర్రాడి జేబులోకి వెళతాయి, తర్వాత ఆ జేబు ఇంకో కారు దగ్గరికి వెళుతుంది. అడగకండి. క్యాపు లేని వాల్వులోకి దుమ్ము, బురద నీళ్లు చేరి పిన్ను సరిగ్గా మూసుకోకపోతే గాలి రోజుకింత పోతుంది. పంక్చర్ షాపు పెద్దాయన వేలికి ఉమ్మి తడి చేసుకుని వాల్వు మూతి మీద పెడతాడు. ఆ తడి చిన్న బుడగై ఉబ్బితే పిన్ను లీకు అని అక్కడికక్కడే చెప్పేస్తాడు. ఇంత తేలిగ్గా తేలిపోయే సంగతికి విలువేముంది? టైరు మార్చమనేవాడి దగ్గరికి వెళ్లండి.

10. ఏడాదికోసారి చాలు

చాలా కార్లకు 10 వేల కిలోమీటర్లు లేదా ఏడాదికి ఒకసారి సర్వీసింగ్. గాలి కూడా అప్పుడే చూస్తారు కదా. ఏ చిల్లూ లేని మంచి టైరులో కూడా రబ్బరు గుండా నెలకు ఒక పీఎస్‌ఐకి అటూ ఇటూగా పోవడం మామూలే అని తెలిసి కూడా ధైర్యంగా ఉండండి. ఒక్కో పీఎస్‌ఐ తగ్గినకొద్దీ మైలేజీ 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. బంకు వాళ్లూ బతకాలి.

సొంత గేజీ కొనకండి. నాలుగైదు వందలు దండగ. ఉచితంగా గాలి పెట్టాలని చమురు కంపెనీలు బంకులకు నిబంధన పెట్టాయి, ఆ మిషన్ ఎప్పుడు సరిచూశారో అడగడం మర్యాద కాదు. కుర్రాడు ‘ఎంత సార్?’ అంటే ‘నీకు తెలియనిదేముంది, కొట్టెయ్’ అనండి. ముందు వచ్చిన కారుకు పెట్టిన అంకె మిషన్ మీద అలాగే ఉంటుంది.

ఒక హెచ్చరిక

ఇన్ని చెప్పినా వినని మొండివాళ్లు ప్రతి కాలనీలో ఒకరిద్దరు ఉంటారు. సర్వీసింగ్ నుంచి కారు వచ్చిన మర్నాడు పొద్దున్నే, బండి తీయకముందే, గేజీ పట్టుకుని దిగుతారు. తలుపు స్తంభం మీది స్టిక్కరు తుడిచి చదువుతారు. నాలుగు చక్రాలు, ఆపైన స్టెప్నీ చూస్తారు. తక్కువైతే దగ్గరున్న బంకుకు వెళ్లి అంకె వాళ్లే చెప్పి కొట్టిస్తారు, క్యాపులు తిరిగి బిగిస్తారు, రీసెట్ చేయవలసిన కారైతే గాలి సరిచేశాకే చేస్తారు. నెలకోసారి, దూరప్రయాణానికి ముందోసారి ఇదే తంతు. మొత్తం కలిపి ఐదు నిమిషాలు. ఇలాంటివారి టైర్లు సమంగా అరుగుతాయి, చాలాకాలం మన్నుతాయి, చెప్పుకోవడానికి ఒక్క కథా మిగలదు. వాళ్లతో స్నేహం చేయకండి.

ఈ పది సూత్రాలూ పాటించిన పాఠకులు తమ అనుభవాలు వివరంగా రాసి పంపాలని మనవి. హైవే పక్కన క్రేను కోసం ఎదురుచూసేటప్పుడు రాయడానికి బోలెడంత తీరిక దొరుకుతుంది.